తూర్పును గీసిందెవరు? బందరు అద్దకమూ, ఐరోపా గుడ్డల మీది ప్రాచ్యమూ

ఒక కళారూపం ముందు నిలబడినప్పుడు మనం మామూలుగా రెండు ప్రశ్నలు వేస్తాం. ఎంత బాగుంది? ఎవరు చేశారు? మూడో ప్రశ్న ఒకటి ఉంది: ఎవరు చేయమన్నారు? సాహిత్యం విషయంలో ఈ ప్రశ్న తెలుగు విమర్శకు కొత్త కాదు. ప్రబంధం వెనుక ఉన్న ఆస్థానాన్ని మన విమర్శకులు వెతికి చూపారు. దేవాలయాల మీది బొమ్మలను చూసి "ఎందుకు?" అని తాపీ ధర్మారావు నిలదీశారు. కాని గుడ్డ మీది బొమ్మను ఆ విధంగా నిలదీసిన విమర్శ మనకు చాలా తక్కువ. గుడ్డ అంటే కట్టుకునేది, పరుచుకునేది, దానికి దృక్పథం ఏమిటి అనుకుంటాం. దృక్పథం లేని బొమ్మ ఉండదు. గుడ్డ మీద ఉన్నా సరే.

పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలలో ఐరోపా సంపన్నుల ఇళ్ళలో పరుపుల మీద, మంచపు తెరల మీద, గోడల మీద, ఆడవారి పావడాల మీద, మగవారి ఇంటి అంగీల మీద ఒక "తూర్పు" వెలసింది. వంకరలు తిరిగిన చెట్లు, ఎక్కడా పూయని పూలు, పొడుగు తోకల పక్షులు, గొడుగుల కింద నిలబడ్డ మనుషులు. ఈ తూర్పులో కొంత ఐరోపా మగ్గాల మీదనే తయారైంది. కొంత మాత్రం మన కృష్ణా డెల్టాలో, బందరు చుట్టుపక్కల పల్లెలలో తయారై ఓడలెక్కింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేగాని అసలు సంగతి బోధపడదు.

ముందు ఐరోపాలో తయారైన దానిని చూద్దాం. పారిస్‌లోని గోబ్లాన్ రాజకార్ఖానా 1687 నుంచి "ఇండియాలు" అనే పేరుతో కొన్ని నేత గోడతెరలను నేసింది. ఐరోపాలో ప్రసిద్ధికెక్కిన గోడతెరలలో అవి చేరాయి. వాటిలో ఉన్నది గంగా కాదు, గోదావరీ కాదు. బ్రెజిల్! డచ్చివారి ఏలుబడిలోని బ్రెజిల్‌కు గవర్నరుగా పనిచేసిన యోహాన్ మౌరిట్స్ తన వెంట తీసుకుపోయిన ఎక్‌హౌట్, పోస్ట్ అనే చిత్రకారులు అక్కడి మనుషులను, జంతువులను, చెట్లను గీశారు. 1679లో ఆయన ఆ బొమ్మలను ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి బహూకరించాడు. వాటినే తెరలుగా నేసి "ఇండియాలు" అన్నారు.

ఇది తెలియక జరిగిన తప్పు అని సరిపుచ్చుకోవచ్చునా? కొలంబస్ నాటి నుంచి అమెరికా ద్వీపాలకు కూడా ఇండియా పేరే అంటుకుని ఉన్న మాట నిజమే. వెస్టిండీస్ అనే మాట నేటికీ వాడుకలో ఉంది. కాని దాని అర్థం గమనించాలి. ఓడ వెళ్ళి సరుకుతో తిరిగివచ్చే చోటల్లా కొనుగోలుదారు దృష్టిలో "ఇండియా"యే. అతనికి దేశాల మధ్య తేడాతో పని లేదు. సరుకుల మధ్య తేడాతోనే పని. భూగోళంలోని పొరపాటు కాదిది, లెక్కల పుస్తకంలోని ఖచ్చితత్వం!

1690ల ప్రాంతంలో లండన్‌లో జాన్ వాండర్‌బ్యాంక్ అనే నేత కార్ఖానాదారు "ఇండియా పద్ధతి" గోడతెరలకు పేరుపడ్డాడు. చీకటి రంగు నేల మీద చిన్న చిన్న దీవుల్లాగా తేలే దృశ్యాలు. వాటిలో చైనా దుస్తుల మనుషులు, మొగలు సూక్ష్మచిత్రాల నుంచి దిగివచ్చిన మనుషులు, తలపాగాల తురుష్కులు ఒకే గాలి పీలుస్తుంటారు. ఈ రకం తెరలు ఇలైహు ఏల్ వంశీకుల ఇంట ఉండి, తర్వాత ఆయన పేరుతో ఉన్న అమెరికా విశ్వవిద్యాలయానికి చేరాయి. ఏల్ ఎవరు? మద్రాసు కోటకు గవర్నరుగా చేసినవాడు. పాతికేళ్ళకు పైగా ఈ తీరంలో ఉన్నవాడు. ఆ కుటుంబానికి తూర్పు అంటే ఏమిటో తెలియదని ఎవరనగలరు? తెలిసినా గోడకు కావలసింది ఆ తెలిసిన తూర్పు కాదు. అక్కడ బాకీలున్నాయి, బేరాలున్నాయి, కరువులున్నాయి. గోడకు కావలసింది ఏ పనీ చేయని తూర్పు. ఆ తెరల మీది మనుషులు కూర్చుంటారు, సంగీతం వింటారు, షికారు చేస్తారు. నేసేవాడు, అద్దేవాడు, మూట మోసేవాడు వాటిలో కనిపించడు.

పని కనబడకుండా సుఖం మాత్రం కనబడే బొమ్మ ఎవరి కోసం తయారవుతుందో చెప్పనవసరం లేదు. 1670లో మోలియేర్ రాసిన నాటకంలో కొత్తగా డబ్బు చేసిన జూర్దేన్ అనే వర్తకుడు ఇండియా గుడ్డతో కుట్టించుకున్న అంగీ తొడుక్కుని, గొప్పవాళ్ళు ఉదయం పూట ఇదే తొడుక్కుంటారట అని మురిసిపోతాడు. ఇంగ్లండులో శామ్యూల్ పీప్స్ అనే నౌకాదళ ఉద్యోగి 1666లో తన చిత్రపటం కోసం ఇండియా అంగీని అద్దెకు తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. తూర్పు అక్కడ అంతస్తుకు గుర్తు. అద్దెకు దొరికే గుర్తు.

ఇంతవరకే అయితే ఐరోపావాడి ఊహను చూసి నవ్వి ఊరుకోవచ్చు. కాని పీప్స్ 1663లో తన భార్య గది గోడలకు కొన్న చీటిగుడ్డ లండన్‌లో తయారైనది కాదు. ఇండియాలో అద్దినది. ఆనాడు అద్దకపు గుడ్డకు పేరుమోసిన తీరాలలో మనది ఒకటి. కాబట్టి ప్రశ్న మన గుమ్మం ముందుకు వస్తుంది.

గన్నవరం నుంచి బందరు ఎంతో దూరం కాదు. ఆ పట్నంలో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేర్లు ఇంకా పలుకుతూనే ఉన్నాయి. ఒలందావారు, ఇంగ్లీషువారు, పరాసులు ఎవరి వాడ వారు కట్టుకుని కూర్చున్నది ప్రధానంగా గుడ్డ కోసమే. డచ్చివారు 1600ల మొదటి దశకంలోనే వచ్చారు. ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం పేరు ఒక రకం గుడ్డకు పేరై ఐరోపా నిఘంటువులకు ఎక్కింది.

ఇక్కడి గుడ్డలో ఏముంది? ఎరుపు ఉంది. డెల్టా సముద్రపు ఒడ్డు నేలల్లో పెరిగే చిరివేరు నుంచి వచ్చే ఎరుపు అది. ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగిగా 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న మెథ్‌వోల్డ్ ఈ వేరును, దాని రంగును ప్రత్యేకంగా మెచ్చుకుని రాశాడు. ఐరోపాలో అప్పటికి నూలు గుడ్డ మీద ఉతికినా పోని రంగులతో బొమ్మ వేయడం తెలియదు. ఉన్ని, పట్టు రంగును సులభంగా తాగుతాయి. నూలు తాగదు. దానికి రంగును పట్టించాలి. మనవారు గుడ్డను కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ తడిపి ఆరబెట్టారు. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో నల్లగీతలు గీశారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు అద్ది, చిరివేరుతో ఉడకబెట్టారు. నీలి తాకకూడని చోట మైనం పూసి నీలిమందులో ముంచారు. పేడ నీళ్ళలో నానబెట్టి, పారే నీళ్ళలో ఉతికి, ఎండలో పరిచి తెల్లదనం తెచ్చారు. ఇది ప్రయోగశాల లేని రసాయనశాస్త్రం. తరాల పరీక్షలతో తేలిన జ్ఞానం.

ఈ జ్ఞానం చేతిలో ఉన్నవాడు ఏం గీశాడు? ఐరోపా కంపెనీలకు ముందు గోల్కొండ దొరల కోసం, ఇరాన్ బజారు కోసం, తూర్పు దీవుల కోసం గీశాడు. ఎవరి రుచి వారికి వేరువేరుగా అందించాడు. పదిహేడో శతాబ్దం తొలినాళ్ళలో ఈ తీరంలో తయారైన పెద్ద గోడగుడ్డలు కొన్ని అమెరికా మ్యూజియాలలో ఉన్నాయి. వాటిలో టోపీలు పెట్టుకున్న ఐరోపావాళ్ళు కూడా కనబడతారు. అంటే తూర్పును పడమర చూస్తున్న కాలంలోనే పడమరను తూర్పు కూడా చూస్తోంది. మన అద్దకపువాడు చూపు లేనివాడు కాడు. తన కళ్ళ ముందు ఓడ దిగిన మనిషిని గమనించి, అతని అంగీ మడతలను, టోపీ అంచును పట్టుకున్నవాడు.

తర్వాత ఏమైంది? 1643లో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు సూరత్‌లోని తమ ఉద్యోగులకు ఒక ఉత్తరం రాశారు. మీరు పంపే దుప్పట్లకు దిగులు పుట్టించే ఎర్రనేల ఉంటోంది, అందరికీ నచ్చడం లేదు, ఇకమీదట తెల్లనేల మీద రంగుల కొమ్మలూ పూలూ వచ్చేటట్టు చేయించండి అని దాని సారాంశం. 1660ల తర్వాత ఉత్తరాలతో పాటు గీసిన నమూనాలే రాసాగాయి. నిపుణుడికి తన నేల ఏ రంగులో ఉండాలో చెప్పే హక్కు వేలాది మైళ్ళ దూరంలో ఉన్న కొనుగోలుదారుకు వచ్చింది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఆ నమూనాలలో ఏముంది? శుద్ధమైన ఐరోపా బొమ్మలా? కావు. తూర్పు ఎలా ఉంటుందని లండన్ ఊహించిందో ఆ బొమ్మలు. చైనా పింగాణీ, లక్క పెట్టెల మీద చూసిన రాళ్ళ గుట్ట కొంత, పాత ఐరోపా గోడతెరల నుంచి తీసిన పెద్ద ఆకుల వంపులు కొంత, పారశీక పూలు కొంత కలిపిన కలగాపులగం అది. దాన్ని మన తీరానికి పంపి "ఇలా చేయండి" అన్నారు. చేసి పంపాక "ఇదే అసలైన ఇండియా" అని కొనుక్కున్నారు.

మంచం మీద పరిచే పలంగ్‌పోష్ మీద కనిపించే జీవవృక్షం చరిత్ర ఇదే. అడుగున గుట్ట, దాని మీద మెలికలు తిరిగిన మాను, ఒకే చెట్టుకు నూరు జాతుల పూలు. ఇంగ్లండులో ఉన్ని దారంతో కుట్టిన ఇదే రకం చెట్లను చూసి, ఇవి ఇండియా గుడ్డలకు నకళ్ళని చాలాకాలం అనుకున్నారు. లండన్ మ్యూజియం పండితుడు జాన్ ఇర్విన్ కంపెనీ కాగితాలను తిరగేసి, కథ అంత సూటిగా లేదని చూపాడు. కాథరిన్ బ్రెట్‌తో కలిసి ఆయన 1970లో ప్రచురించిన గ్రంథం ఈ విషయంలో మలుపు. లండన్ నుంచి నమూనాలు వచ్చాయి, ఇక్కడ మారాయి, తిరిగి వెళ్ళి అక్కడి కుట్టుపనిని మార్చాయి. చెట్టు వేర్లు ఒక్క దేశంలో లేవు.

1978లో ఎడ్వర్డ్ సెయిద్ తన గ్రంథంలో ప్రాచ్యం అనేది పడమర తన అవసరాల కోసం తయారుచేసుకున్న భావన అని నిరూపించాడు. ఆయన పరిశీలించినవి ప్రధానంగా రాతలు: పండితుల పుస్తకాలు, యాత్రా రచనలు, నవలలు. రాతల్లో తూర్పువాడు వర్ణించబడేవాడే గాని, కలం అతని చేతిలో ఉండదు. గుడ్డ విషయంలో కలం అతని చేతిలోనే ఉంది. కలంకారీ అనే మాటలోనే కలం ఉంది. ఐనా బొమ్మ అతనిది కాకుండా పోయింది! వలస సంబంధం ఎంత లోతుగా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు కనబడదు. ఎదుటివాడు మనల్ని తప్పుగా గీయడం ఒక మెట్టు. మన చేతనే మనల్ని తప్పుగా గీయించి, దానికి మన పేరే పెట్టడం ఇంకో మెట్టు.

ఐతే అద్దకపువాడు వట్టి నకలురాయుడేనా? కాదు. ఈ గుడ్డలను దగ్గరగా పరీక్షించినవారందరూ ఒక విషయం ఒప్పుకుంటారు. నమూనాలోని ఖాళీ ఆకు ఇక్కడ ఖాళీగా ఉండలేదు. దాని లోపల గళ్ళు, చుక్కలు, చిన్న చిన్న తీగలు నిండిపోయాయి. అర్థం కాని ఐరోపా పువ్వు కొత్త పువ్వుగా మారింది. ఆజ్ఞ ఇచ్చినవాడికి దక్కింది చెట్టు ఆకారం మాత్రమే. ఆ చెట్టు ప్రాణం అద్దినవాడిది. అణచివేతలో కూడా సృజన ఆగదు. కాని సృజన ఆగలేదు గనుక అణచివేత లేదనడం మోసం.

ఈ మోసానికి మంచి ఉదాహరణ డచ్చి కంపెనీ ఉద్యోగి దానియల్ హావర్ట్ మాటలు. 1693లో అచ్చయిన తన పుస్తకంలో పాలకొల్లు అద్దకపువారి పనిని నత్తనడకతో పోల్చి, ఓర్పు అనే గుణానికి బొమ్మ కట్టాలంటే అక్కడి పనివాడిని చూపితే చాలునన్న అర్థంలో రాశాడు. మెచ్చుకోలుగానే రాశాడు. అందుకే జాగ్రత్తగా చదవాలి. పటిక పట్టాలంటే ఆరాలి. నీలి పట్టాలంటే మైనం గట్టిపడాలి. తెల్లదనం రావాలంటే రోజుల తరబడి ఎండాలి. ఆ నిదానం రసాయనక్రియ అడిగే నిదానం. దాన్ని హావర్ట్ మనిషి స్వభావంగా మార్చాడు. తెలివి కాస్తా ఓర్పు అయింది. తెలివికి వెల కట్టాలి. ఓర్పుకు అక్కర్లేదు. గోడతెర మీది కదలని తూర్పువాడూ, హావర్ట్ పుస్తకంలోని ఓర్పుగల పనివాడూ ఒకే అచ్చు నుంచి వచ్చిన బొమ్మలు.

ఆ తెలివికి వెల కట్టకుండా పట్టుకుపోవడానికి మాత్రం ఐరోపాకు ఓర్పు చాలానే ఉంది. 1734 ప్రాంతంలో పుదుచ్చేరిలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పనివాడిచేత కళ్ళ ముందు గుడ్డ అద్దించుకుని, ఒక్కో దశకు ఒక్కో ముక్క చొప్పున కాగితాలకు జోడించి పంపాడు. ఆ ముక్కలు నేటికీ పారిస్‌లో భద్రంగా ఉన్నాయి. 1742లో కూర్దూ అనే జెస్యూట్ ఫాదిరి, తాను క్రైస్తవంలో చేర్చుకున్న అద్దకపువారి నుంచి రాబట్టిన వివరాలన్నీ ఉత్తరంగా రాసి స్వదేశానికి పంపాడు. ఈ కూర్దూయే తెలుగు, సంస్కృత, ఫ్రెంచి నిఘంటువును కూర్చినవాడు. భాష మీద ప్రేమా, వృత్తిరహస్యం మీద కన్నూ ఒకే మనిషిలో ఉండగలవు. వలస కాలపు పాండిత్యాన్ని అంచనా వేసేటప్పుడు ఈ రెండింటినీ కలిపే చూడాలి.

ఇంకోవైపు అక్కడి ప్రభుత్వాలు ఈ గుడ్డను తలుపు బయట నిలిపాయి. ఫ్రాన్సు 1686లో అద్దకపు గుడ్డలను నిషేధించి 1759 దాకా కొనసాగించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1720లో మరింత గట్టి చట్టం చేసింది. 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాళ్ళు వీధుల్లో చీటిగుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళ మీద పడి బట్టలు చింపారు. ఆ పని హేయమైనది. కాని వాళ్ళు కూడా కూడు పోయిన పనివాళ్ళే. బందరు పనివాడూ లండన్ పనివాడూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. ఇద్దరి మధ్యా నిలబడి లాభం తీసినవాడిని మాత్రం ఇద్దరూ ఎరుగుదురు.

నిషేధం తొలగిన మరుసటి ఏడే, 1760లో, పారిస్ దగ్గరి జూయీ గ్రామంలో ఒబెర్కాంఫ్ అద్దకపు కార్ఖానా పెట్టాడు. ఫ్రెంచివారు ఆ గుడ్డలను "ఇండియెన్" అనే పిలిచారు. ఇండియా సరుకును ఆపి, ఇండియా పేరును అట్టిపెట్టుకున్నారన్నమాట. రాగి పలకలు వచ్చాయి, తర్వాత రోలర్ యంత్రం వచ్చింది. ఆ కార్ఖానాకు యుయే అనే చిత్రకారుడు గీసిన బొమ్మలలో "ప్రపంచపు నాలుగు భాగాలు" ఒకటి. ఖండాలన్నీ మనుషుల రూపంలో ఒకే గుడ్డ మీద, ఒకే రంగులో అచ్చయి కుర్చీల మీదికి ఎక్కాయి. ప్రపంచం మీద కూర్చోవడం అనేది ఆ వర్గానికి ఉపమానం కాదు, వాస్తవం.

1774లో ఇంగ్లండు తన సొంత నూలుగుడ్డల మీది ఆంక్ష తీసేసింది. తర్వాతి శతాబ్దంలో ప్రవాహం తిరగబడింది. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ ఇండియా వస్త్రాల అసలు ముక్కలు 700, 18 సంపుటాలలో అతికించి బ్రిటిష్ ఉత్పత్తిదారుల ముందు పెట్టాడు. ఇక్కడివారికి ఏ గుడ్డ నచ్చుతుందో చూసి అక్కడి మిల్లులు నేయడానికి. 1868లో జర్మన్ రసాయనశాస్త్రజ్ఞులు కృత్రిమ ఎరుపును కనిపెట్టాక చిరివేరు తవ్వేవారి బతుకు కూడా కూలింది. కాశ్మీరు శాలువా మీది మామిడిపిందె స్కాట్లండులోని పేజ్లీ అనే నేత ఊరి పేరుతో లోకమంతా తిరుగుతోంది. మన అంచుల మీద మామిడిపిందెగా ఉన్నదే మన పట్నాల దుకాణాలలో పేజ్లీ అయి కూర్చుంది.

ఇదంతా గతం కదా అనవచ్చు. కాదు. పెడనలో ఈ పని బతికే ఉంది. టేకు అచ్చులు చెక్కేవారు, అద్దేవారు, కాలవలో గుడ్డ ఉతికేవారు ఉన్నారు. స్క్రీన్ ప్రింటింగుతో పోటీ పడలేక వెనక్కి తగ్గినవారూ ఉన్నారు. దేశమంతటి నుంచి కొనుగోలుదారులు గన్నవరంలో విమానం దిగి అక్కడికి వెళ్ళిరాగలుగుతున్నారు. వారికి అమ్మకందారు చెప్పే మాట: జీవవృక్షం వేల ఏళ్ళ మన సంప్రదాయం, అనాది నుంచి మారనిది. "అనాది", "మారనిది" అన్న మాటలు ఎవరివి? వాండర్‌బ్యాంక్ గోడతెరవి. పరాయివాడు మన మీద కప్పిన దుప్పటిని మనమే మడతపెట్టి, "ప్రాచీన వారసత్వం" అని చీటీ అంటించి తిరిగి అమ్ముతున్నాం.

అందుకని జీవవృక్షాన్ని విసర్జించాలా? అక్కర్లేదు. అది పరాయి సరుకు అనడం కూడా అబద్ధమే. శుద్ధత కోసం వెతికేవారికి ఈ గుడ్డల్లో ఏమీ దొరకదు. కంపెనీకి ముందున్నది స్వర్ణయుగమని చెప్పబూనడమూ సరికాదు. గోల్కొండ దొర కూడా పనివాడి పేరు గుడ్డ మీద రాయించలేదు. అడగవలసింది శుద్ధత కాదు, చరిత్ర. ఎర్రనేల ఎప్పుడు, ఎవరి ఉత్తరంతో తెల్లనేల అయింది? ఆకు లోపలి ఆ గళ్ళు ఎవరి బుర్రలో పుట్టాయి? ఇవాళ మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఊరి పేరు కాగితానికెక్కింది, మంచిదే. అచ్చు చెక్కినవాడి పేరు, అద్దినవాడి పేరు గుడ్డ అంచుకు ఎప్పుడెక్కుతాయి?

మన పత్రికలలో, సభలలో, పాఠ్యపుస్తకాలలో ఈ పనిని పొగిడేటప్పుడు ఇప్పటికీ మొదట వచ్చే మాట "ఓర్పు". హావర్ట్ వాడిన మాటే. మూడు వందల ఏళ్ళ పైబడి అదే ప్రశంసాపత్రం చేతులు మారుతోంది. దాని బదులు "జ్ఞానం" అనే మాట వాడి చూడండి. "ఓర్పుగల కళాకారుడు" అన్నప్పుడు రాని ప్రశ్నలన్నీ "జ్ఞానం గల శ్రామికుడు" అన్న మరుక్షణం వస్తాయి: కూలి ఎంత, నమూనా మీద హక్కు ఎవరిది, నీళ్ళు ఎవరివి, లాభం ఎవరికి? ఆ ప్రశ్నలు అడగడం విమర్శ పని. గుడ్డ మీది తూర్పును గీసినవాడు తన చెట్టుకు తానే నేల రంగు ఎంచుకోగలిగిన రోజున, ఆ బొమ్మ నిజంగా మనదవుతుంది.